చుక్కలు కాళ్ళు కడిగిన నీళ్ళు

ఒకప్పుడు రాత్రయితే సముద్రంలో చూడడానికి ఏమీ ఉండేది కాదు. మసిపట్టిన కుండ అడుగులా నల్లగా, ఉందో లేదో తెలియకుండా ఉండేది. చెయ్యి పెడితే చెయ్యి కనిపించేది కాదు. తెడ్డు వేస్తే తెడ్డు కనిపించేది కాదు. చేపలు ఒకదాన్నొకటి గుద్దుకుని "కళ్ళు కనిపించట్లేదా?" అని తిట్టుకునేవి. కనిపించేవి కావు పాపం, నిజంగానే.

పైన ఆకాశంలో మాత్రం చుక్కలు దర్జాగా ఉండేవి. ఇప్పటికన్నా ఎక్కువ వెలుగు, ఇప్పటికన్నా ఎక్కువ టెక్కు. ఆరుగురు పిల్లల్ని వెనకేసుకుని తిరిగే పిల్లలకోడి ఉండేది. భుజాన కావిడి దించని గొల్లకావిడి ఉండేవాడు. మంచంకోళ్ళని నలుగురు ముసలాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళకు ఎప్పుడూ మోకాళ్ళ నొప్పులే. వేగుచుక్క కూడా ఉండేవాడు గాని, అందరూ ఇళ్ళకు పోయే వేళకు వచ్చేవాడు.

వీళ్ళందరి మీదా చందమామ పెద్ద. ఎవరి చోట వాళ్ళు నిలబడాలి, కదలకూడదు, కిందికి తొంగి చూడకూడదు అని ఆయన హుకుం. ఆయన ఉన్నన్నాళ్ళూ చుక్కలు కిక్కురుమనేవి కావు. కానీ నెలకోసారి, అమావాస్యనాడు, "నాకు ఒంట్లో బాగాలేదు" అని చెప్పి ఆయన ముసుగుతన్ని పడుకునేవాడు. పదిహేను రోజులు చిక్కి చిక్కి సన్నబడ్డ మనిషి కదా, ఎవరూ ఏమీ అనేవారు కాదు. అనకపోగా ఆ రోజు కోసమే ఎదురుచూసేవారు.

కింద, ఏరు సముద్రంలో కలిసేచోట, గన్నెమ్మ అని ఒకావిడ పడవ నడిపేది. ఈ ఒడ్డువాళ్ళను ఆ ఒడ్డుకూ, ఆ ఒడ్డువాళ్ళను ఈ ఒడ్డుకూ దాటించడం ఆమె పని. మేకలూ, కోళ్ళగంపలూ, పెళ్ళివారూ, వాళ్ళ అలకలూ, అన్నీ ఆ పడవలోనే దాటేవి. గన్నెమ్మ చెయ్యి గట్టిది, నోరు ఇంకా గట్టిది.

ఆమె పడవకు ఒకటే నియమం. కాళ్ళు కడుక్కోనిదే ఎక్కకూడదు. పడవంటే గంగమ్మ తల్లి ఒడి అని వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకు వాళ్ళమ్మ చెప్పింది. తల్లి ఒళ్ళోకి బురదకాళ్ళతో ఎవరెక్కుతారు? చెప్పులు ఒడ్డున విడవాలి, రెండు కాళ్ళూ నీళ్ళలో ముంచాలి, మడమలు కూడా రుద్దుకోవాలి, అప్పుడెక్కాలి. ఎవరికైనా అంతే. జమీందారుగారి గుమాస్తా ఒకాయన ఓసారి కిర్రుచెప్పులు విప్పనని మొరాయించాడు. గన్నెమ్మ ఆయన్ని ఒడ్డునే వదిలేసి, ఆయన గొడుగును మాత్రం అవతలికి చేర్చి వచ్చింది. గొడుక్కి కాళ్ళు లేవు కదా, దానికి అభ్యంతరం లేదంది.

ఒక అమావాస్యనాడు సాయంత్రం ఆ నియమం దగ్గరే మొగుడితో గొడవైంది. ఆమె మొగుడి పేరు కొర్లయ్య. తెప్ప మీద చేపల వేటకు పోయేవాడు. వల గన్నెమ్మ పడవలో మరిచిపోయి, వెనక్కి పరిగెత్తుకొచ్చి, మోకాళ్ళదాకా బురదతో గబుక్కున పడవలోకి దూకాడు.

"దిగు," అంది గన్నెమ్మ.

"వల తీసుకోనా?"

"దిగి, కాళ్ళు కడుక్కుని, అప్పుడెక్కి తీసుకో."

"నాను నీ మొగుణ్ణే. ఏరు దాటడానికొచ్చినోణ్ణి కాదు."

"మొగుడి కాళ్ళకి బురదంటదేటి?"

కొర్లయ్యకు ఒళ్ళు మండిపోయింది. వల భుజాన వేసుకుని, కడగని కాళ్ళతోనే దిగి, తిన్నగా పోయి తెప్ప ఎక్కాడు. "నా తెప్ప నా కాళ్ళు సూపించమనదు. దూరం ఎల్తన్నాను. రాత్రికి నాకోసం కాసుకోకు," అన్నాడు.

"కాసుకుంటానని ఎవురన్నారు నీకు?" అంది గన్నెమ్మ.

అంది గాని, తెప్ప నలకంత అయ్యేదాకా చూస్తూనే నిలబడింది. ఇంటికెళ్ళి అన్నం కుండ మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. మనిషి కోపంలో మంచినీళ్ళ బుర్ర కూడా పట్టుకెళ్ళలేదు. పైగా అమావాస్య. గన్నెమ్మకు భయం వేసింది. వేసిందని ఎవరికీ చెప్పలేదు, తనకు తానే చెప్పుకోలేదు.

ఒక్కటే ధైర్యం. కొర్లయ్యకు చుక్కలు తెలుసు. వెళ్ళేటప్పుడు ఎటు వెళ్ళినా, తిరిగొచ్చేటప్పుడు గొల్లకావిడిని వీపున పెట్టుకుని తెడ్డు వేస్తే ఎదురుగా ఇల్లే. వాళ్ళ నాన్న నేర్పిన పాఠం అదొక్కటే, కొర్లయ్య నేర్చుకున్న పాఠమూ అదొక్కటే. పైన గొల్లకావిడి ఉన్నంతకాలం తన మొగుడికి ఢోకా లేదనుకుని గన్నెమ్మ ఆ మంచినీళ్ళ బుర్ర పక్కన పెట్టుకుని పడవలోనే చాప పరుచుకుని నడుం వాల్చింది.

కాసేపటికి గొల్లకావిడి వచ్చి ఆమెను నిద్రలేపాడు.

ముక్కు మీద గుద్ది మరీ లేపాడు. చుక్కలు దగ్గర్నుంచి చాలా పెద్దగా ఉంటాయని మీరు అనుకుంటున్నారేమో, అదేం లేదు. ఒక్కొక్కరూ పిడికెడంత. అతని వెనక పిల్లలకోడి, ఆరుగురు పిల్లలు, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతున్న మంచంకోళ్ళు, ఇంకా పేరూ ఊరూ లేని చుక్కలు బోలెడుమంది ఒడ్డున బారులు తీరి ఉన్నారు.

"అమ్మాయ్, పడవ వేస్తావా?" అన్నాడు గొల్లకావిడి.

"ఈ ఏలప్పుడు ఎక్కడికి బాబూ?"

పిల్లలకోడి ముందుకొచ్చింది. "మీ సముద్రంలో నీళ్ళు మెరుస్తాయట కదా. అట కాదు, మేం రోజూ పైనుంచి ఓరకంట చూస్తూనే ఉన్నాం. తళతళమంటూ ఉంటాయి. చందమామగారు వంగి చూడనివ్వరు. ఈ పూట ఆయన పడుకున్నారు. పిల్లలు చంపుకు తింటున్నారు. ఒక్కసారి పడవలో తిప్పి ఆ మెరిసే నీళ్ళు చూపించు. తెల్లవారేలోగా వెళ్ళిపోతాం."

"మెరిసే నీళ్ళా? మా సముద్రంలోనా?" అంది గన్నెమ్మ.

"కళ్ళారా చూశామంటుంటే," అన్నాడు గొల్లకావిడి.

పెద్దింటివాళ్ళు చూశామంటే చూశారనే అనుకోవాలి. అదీగాక, సముద్రంలోకి వెళ్ళడానికి గన్నెమ్మకు ఒక వంక కావాలి. మొగుణ్ణి వెతకడానికి వెళ్ళిందని రేపు ఊళ్ళో అనుకుంటే పరువేం కాను? చుక్కల్ని తిప్పడానికి వెళ్ళిందంటే గౌరవంగా ఉంటుంది.

"సరే, కాళ్ళు కడుక్కుని ఎక్కండి," అంది.

గొల్లకావిడి బిర్రబిగుసుకున్నాడు. "మేం ఆకాశంలో ఉండేవాళ్ళం. అక్కడ బురద ఎక్కడిది?"

"ఉన్నా నేకపోయినా కడగాల. మావోణ్ణి కడగమని, మిమ్మల్ని వొద్దంటే ఆడికేటి జవాబు సెప్పాల?"

చుక్కలు గొణుక్కుంటూ వరసగా నీళ్ళలో దిగాయి. కాళ్ళు రుద్దుకున్నాయి. రుద్దుతుంటే పాదాల నుంచి వెలుగు జారింది, పెళ్ళికూతురి కాళ్ళు కడిగితే పసుపు జారినట్టు. నీళ్ళలో పడి ఒక్క క్షణం మెరిసి మాయమైంది.

"బురద నేదన్నావు, మరిదేటి?" అంది గన్నెమ్మ. గొల్లకావిడి ముఖం అటు తిప్పుకున్నాడు.

మాయమైందంటే ఎక్కడికీ పోలేదు. సముద్రంలో నలుసులని ఉంటాయి. కంటికి ఆనవు. ఒక్క దోసెడు నీళ్ళలో ఒక ఊరి జనాభా అంత ఉంటాయి. ఏది దొరికితే అది మింగడం తప్ప వాటికి వేరే పని లేదు. జారిన వెలుగును గుటుక్కున మింగి, పక్కవాళ్ళకు కాస్త పెట్టి, వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళకు పెట్టి, అందరూ గట్టిగా నోళ్ళు మూసుకున్నారు. నోరు తెరిస్తే వెలుగు బయటపడిపోదూ! దొంగసొత్తు మింగినవాళ్ళు ఎక్కడైనా ఆవలిస్తారా?

పడవ ఏరు దాటి సముద్రంలోకి వెళ్ళింది. నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఇంకాస్త వెళ్ళింది. ఇంకాస్త నల్లగా ఉన్నాయి.

"మెరిసే నీళ్ళేవి?" అంది పిల్లలకోడి.

"ఇంకొంచెం ముందుకేమో."

"పడవ ఊగుతోంది, మా మోకాళ్ళు," అన్నారు మంచంకోళ్ళు.

"అమ్మా, నాకు ఒకటికి," అంది ఆరో పిల్ల.

"ఆకాశంలో ఉన్నప్పుడే వెళ్ళి రమ్మన్నానా లేదా?" అంది పిల్లలకోడి.

"ఇంత దూరం వస్తే చూపించేది ఇదా? ఈ నలుపు మాకు పైన లేదా?" అన్నాడు గొల్లకావిడి. పేరూ ఊరూ లేని చుక్కలన్నీ అతన్ని బలపరిచాయి. గన్నెమ్మకు చిర్రెత్తుకొచ్చింది. తెడ్డు ఆపింది.

"అసలు పైనుంచి సూత్తే మీకేటి కనిపించేది?"

"ఒక తల్లి కనిపించేది," అంది పిల్లలకోడి. "వెనక ఆరుగురు పిల్లలు. ఎంత చక్కని మనిషో. నేను చెయ్యి ఊపితే తనూ ఊపేది."

"నాకు ఒక కావిడివాడు కనిపించేవాడు," అన్నాడు గొల్లకావిడి. "మంచి అందగాడు."

గన్నెమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, పడవ అంచు పట్టుకుని, తెడ్డు జారిపోతుంటే అది కూడా పట్టుకుని నవ్వింది. "ఆళ్ళు మీరే తల్లీ. నీళ్ళలో మీ నీడ మీరే సూసుకుని, మీకు మీరే సెయ్యూపుకున్నారు."

చుక్కలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాయి. "అయితే ఆ అందగాడు నేనేనా?" అన్నాడు చివరికి గొల్లకావిడి, కొంచెం సంతోషంగా.

"నువ్వే బాబూ. మీరు పైనుంటేనే గదా కింద మెరిసేది. ఇప్పుడు మీరందరూ నా పడవలో ఉంటే పైన..."

గన్నెమ్మ తలెత్తి చూసింది. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. బోర్లించిన మూకుడులా ఉంది. చీకట్లో ఎక్కడో తెప్ప మీద కొర్లయ్య ఉన్నాడు, అతనికి ఇంటి దారి చూపించవలసిన గొల్లకావిడి ఇక్కడ తన పడవలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

గన్నెమ్మ ఈసారి భయం వేసిందని తనకు తాను ఒప్పుకుంది. "ఎక్కండి పైకి," అంది. "ఇప్పుడే. నా మొగుడు సముద్రంలో ఉన్నాడు. మిమ్మల్ని సూసుకునే ఇంటికొత్తాడు."

చుక్కలు లేచి ఎగిరాయి. మూరెడు ఎత్తు లేచి, టపటపా పడవలోనే పడ్డాయి. మళ్ళీ ఎగిరాయి, మళ్ళీ పడ్డాయి. మంచంకోళ్ళయితే ఒకరి మీద ఒకరు పడి లెక్క తప్పారు.

"పాదాల్లో పట్టు లేదు," అంది పిల్లలకోడి కంగారుగా. "పాదాల వెలుగుతోనే మేం పైన నిలబడేది. అది ఏమైంది?"

అందరూ గన్నెమ్మ వైపు చూశారు. గన్నెమ్మ తెడ్డు వైపు చూసింది. చుక్కలొస్తే ఏం చెయ్యాలో వాళ్ళమ్మ చెప్పలేదు. వాళ్ళమ్మకు వాళ్ళమ్మ కూడా చెప్పి ఉండదు.

అంతలో గాలిలో సన్నగా ఒక గొంతు వినిపించింది. ఎక్కాలు వల్లించే పిల్లాడిలా అదే పనిగా ఏదో వల్లిస్తోంది.

"గొల్లకావిడి ఈపునుండాల... ఇల్లు ఎదరుండాల... గొల్లకావిడి ఈపునుండాల..."

కొర్లయ్య గొంతు. గన్నెమ్మ ప్రాణం లేచొచ్చింది. గొంతు వినవచ్చిన వైపు పడవ తిప్పి గబగబా తెడ్డు వేసింది. "ఓ కొర్లయ్యా" అని కేకలేసింది. కానీ ఎదురుగాలి. ఆమె కేక ఆమె వెనక్కే పోయింది.

కొర్లయ్య గొంతు ఇంకొంచెం దూరమైంది.

గన్నెమ్మ ఇంకా జోరుగా తెడ్డు వేసింది. గొంతు ఇంకా దూరమైంది. వల్లించడం మాత్రం మానలేదు. ఎంత తరిమితే అంత లోపలికి, నడిసముద్రంలోకి పోతున్నాడు. అప్పుడు వెలిగింది గన్నెమ్మకు. గొల్లకావిడి తన పడవలో ఉన్నాడు. తను ఒడ్డు వైపు నుంచి వస్తోంది. కొర్లయ్యేమో నాన్న చెప్పిన మాట తూచా తప్పకుండా, గొల్లకావిడిని వీపున పెట్టుకుని, ఎదురుగా ఇల్లుందని నమ్మి, ఇంటికి వీపు చూపించి పోతున్నాడు. మామూలప్పుడు ఎవరి మాటా వినని మనిషి ఈ రాత్రి మాత్రం విన్నాడు.

"చూశావా, నన్నే నమ్ముకున్నాడు," అన్నాడు గొల్లకావిడి. "తెలివైనవాడు."

గన్నెమ్మ వానకు కప్పే గోనెపట్టా తీసి చుక్కలన్నింటి మీదా కప్పేసింది.

చీకటి. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. వల్లింపు టక్కున ఆగింది. "కావిడేది?" అంది కొర్లయ్య గొంతు. "కావిడెటెల్లిపోనాది?" తరవాత ఏమీ వినిపించలేదు.

ఇక లోపలికి పోడు, బాగానే ఉంది. కానీ బయటికి ఎలా వస్తాడు? అటు పోటు తగ్గి నీళ్ళు లోపలికి లాగేస్తున్నాయి. తెడ్డు వెయ్యకపోయినా తెప్ప పోతూనే ఉంటుంది. గన్నెమ్మకు దుఃఖం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. రెండూ వచ్చినప్పుడు ఆమె కోపాన్నే ముందు వాడేది. తెడ్డెత్తి సముద్రాన్ని ఫెడీమని కొట్టింది.

"ఇన్నేళ్ళూ నీ ఒడి నీ ఒడి అని లోకమంతటి సేతా కాళ్ళు కడిగించినాను గదా తల్లీ." ఫెడీమని ఇంకొకటి. "నాకున్నది ఆడొక్కడు. ఆడి కాళ్ళు మురికివే, ఆడు మంచోడు. ఆణ్ణి ఒట్టుకుపోతావా?" ఫెడీమని మూడోది.

మూడో దెబ్బకు నలుసులు హడలిపోయి నోళ్ళు తెరిచేశాయి.

తెడ్డు చుట్టూ నీళ్ళు భగ్గున వెలిగాయి. నీలంగా, చల్లగా, తెడ్డు కింద దీపం పెట్టినట్టు. గన్నెమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది.

"కొట్టకు, కొట్టకు," అన్నాయి నలుసులు. లక్ష గొంతులు కలిస్తే ఒక దోమ పాటంత వచ్చింది. "దొరికింది తాగాం."

"ఎవరిదనుకుని తాగినారు?"

"పారేశారనుకున్నాం. కాళ్ళు కడిగిన నీళ్ళు వెనక్కిమ్మని ఎవరైనా అడుగుతారా?"

గోనెపట్టా కింది నుంచి గొల్లకావిడి అరిచాడు, "మేం అడుగుతాం. ఇచ్చెయ్యండి."

"ఇస్తాం గాని, పోగు చెయ్యాలి బాబూ. అప్పుడే ఒడ్డు దాకా పాకిపోయింది. అలల్లో ఉన్నాం, నురగలో ఉన్నాం. అందరి దగ్గరా వసూలు చేసేసరికి తెల్లారుతుంది."

తెల్లారేదాకా తెప్ప ఆగదు. కానీ గన్నెమ్మ ఒక్క మాట దగ్గర నిలిచిపోయింది. "ఒడ్డు దాకా ఉన్నారా? అయితే అక్కడ అల ఇరిగినప్పుడల్లా మీవోళ్ళు నోరు తెరిత్తే ఒడ్డు కనిపిత్తాది గదా."

"కనిపిస్తుంది," అన్నాయి నలుసులు. చిన్నవే గాని గడుసువి. "ఆ వెలుగు మాదైపోతే తెరుస్తాం. ఎలాగూ వెనక్కిచ్చేసేదానికి నోరు నొప్పెందుకు?"

"కుదరదు," అన్నాడు గొల్లకావిడి. "పాదాల వెలుగు లేకుండా పైన ఎలా నిలబడతాం? మాకూ ఒక హోదా ఉంది."

పిల్లలకోడి గోనె కింద ఇరుకులో పిల్లల్ని లెక్కపెట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మళ్ళీ పెట్టింది. అయిదే. "నా ఆరోది ఏదీ?" అంది. ఆ గొంతు విని మంచంకోళ్ళు కూడా మూలగడం ఆపేశారు. చుక్కలన్నీ ఇరుకులో తడుముకున్నాయి. చివరికి ఆరో పిల్ల గొల్లకావిడి కావిడికున్న కుండలో నిద్రపోతూ దొరికింది.

పిల్లలకోడి దాన్ని రెక్కల కిందికి లాక్కుని కాసేపు ఊపిరి తీసుకుంది. "వెలుగు వాళ్ళకే వదిలెయ్యండి," అంది. "ఆ అమ్మాయి నీళ్ళనెందుకు కొడుతోందో నాకిప్పుడు తెలిసింది."

గొల్లకావిడి తన కుండ వైపు చూసుకున్నాడు. "నన్ను నమ్ముకునే కదా పోయాడు," అని గొణిగాడు. "సరే. తీసుకోండి. కానీ చందమామగారు ఉన్నప్పుడు మాత్రం నోళ్ళు విప్పకండి. ఈ వెలుగు ఎక్కడిదని ఆయన అడిగితే మా పని అయిపోయినట్టే."

"ఆయనున్నప్పుడు మాకేమీ తెలియదు," అన్నాయి నలుసులు.

"నాదీ ఒక మాట," అంది గన్నెమ్మ. "ఇంక మీదట సీకట్లో ఎవరు తగిలినా ఎలగాల. తెడ్డా, తెప్పా, సెయ్యా అని అడక్కూడదు."

"చేప తగిలితే?"

"సేపైనా సరే. రాత్రి సముద్రంలో ఉన్నదేదైనా ఇంటికెల్లాలనే సూత్తాది."

"ఎవరూ తగలనప్పుడు నిద్రపోతాం మరి."

"పొండి. ముందు ఒడ్డు ఎలిగించండి."

ఒక నలుసు పక్క నలుసుకు చెప్పింది. అది దాని పక్కదానికి చెప్పింది. మన ఊళ్ళలో కబురు ఎంత వేగంగా పాకుతుందో తెలుసుగా, అంతకన్నా వేగంగా పాకింది. గన్నెమ్మ వెనక్కి తిరిగి చూసింది. దూరంగా ఒక అల విరిగింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒడ్డంతా ఒక వెలుగు గీత పరుచుకుంది. ఆరిపోయింది. ఇంకో అల విరిగింది, మళ్ళీ వెలిగింది.

నడిసముద్రంలోంచి కొర్లయ్య గొంతు వినిపించింది. కింద తెప్ప చుట్టూ వెలుగు, అల్లంత దూరాన వెలుగు, పైన ఏమీ లేదు.

"ఓలమ్మో," అన్నాడు. "సచ్చిపోనానేటి నాను?"

తరవాత ఏడుపు మొదలైంది. "గన్నీ, తప్పైపోనాది. నీ మాట ఇన్నాను కాదు. బతికుంటే కాళ్ళు కడుక్కుందును. మడమలు కూడా రుద్దుకుందును."

గన్నెమ్మ తెడ్డు చప్పుడు చెయ్యకుండా విన్నది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, అయినా తొందరపడలేదు. మడమల మాట ఇంకో రెండుసార్లు అననిచ్చింది. ఇలాంటివి రోజూ వినబడవు. ఈలోగా తెప్ప వెలుగు చూసుకుంటూ పడవ దగ్గరికి చేర్చింది.

"తిన్నగా తెడ్డెయ్యి," అంది అప్పుడు. "ఏడుపు ఇంటికాడ ఏడుద్దువుగాని."

కొర్లయ్య తెప్ప మీద కూలబడిపోయాడు. "నువ్వా? నువ్వెందుకొచ్చినావు? కాసుకోనన్నావు గదా?"

"కాసుకోనేదు. ఎతుక్కోడానికొచ్చినాను."

ఆమె మంచినీళ్ళ బుర్ర అందిస్తే గటగటా తాగేశాడు. పడవా తెప్పా పక్కపక్కనే ఒడ్డు గీత వైపు నడిచాయి. రెండు తెడ్ల కిందా వెలుగు పూసి ఆరిపోతోంది.

"ఆ గోనె కిందేటి?" అన్నాడు కాసేపటికి.

"సేపలు."

"నాకు ఒకటికి," అంది గోనె కింది నుంచి ఆరో పిల్ల.

"సేపలు మాటాడతన్నాయేటి?"

"అమాస సేపలు. నువ్వెల్లి అన్నం తిను, కుండలో ఉంది."

కొర్లయ్య ఇంటికెళ్ళాక గన్నెమ్మ గోనెపట్టా తీసింది. అప్పటికి తూర్పున వేగుచుక్క వచ్చాడు, ఎప్పటిలా ఆలస్యంగా, ఆవలిస్తూ. ఆకాశం ఖాళీగా ఉండడం చూసి, తనే ఒక రోజు ముందొచ్చానేమోనని గాభరా పడ్డాడు. కింద గన్నెమ్మ తెడ్డు ఊపితే అటు వంగి చూశాడు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ వల్ల కూడా లోకానికి ఉపయోగం ఉంటుంది. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి పైకి లాగాడు. గొల్లకావిడి దగ్గర మాత్రం, "ఆ కావిడి ఒక్క పూట దించితే నీ సొమ్మేం పోయింది?" అని విసుక్కున్నాడు.

చుక్కలు ఎవరి చోట వాళ్ళు నిలబడ్డాయి గాని, పాదాల్లో పట్టు లేదు కదా, కుదురుగా నిలవలేకపోయాయి. ఇప్పటికీ పైకి చూడండి, అలా వణుకుతూనే ఉంటాయి. చందమామ అడిగితే చలేస్తోందని చెబుతాయి.

అప్పటినుంచే చీకటి రాత్రి సముద్రంలో చెయ్యి పెడితే నీళ్ళు వెలుగుతాయి. తెడ్డు వేస్తే తెడ్డు వెంట, చేప దూసుకుపోతే చేప వెంట, ఒడ్డున అల విరిగితే అల పొడుగునా వెలుగుతాయి. చెయ్యి తీసేస్తే నలుసులు నిద్రపోతాయి. వెన్నెల రాత్రి వెళ్ళి అడిగితే మాకేమీ తెలియదంటాయి.

ఈ కాలంలో జనం ఆ మెరిసే నీళ్ళు చూడాలని రాత్రిపూట పడవలెక్కి మరీ వెళ్తున్నారు. చేతులు ముంచి, నీళ్ళు చిమ్ముకుని, కేరింతలు కొట్టి వస్తారు. వీళ్ళు సరదాకి వచ్చారని నలుసులకు తెలియదు. ఎవరు తగిలినా దారి తప్పి ఇంటికెళ్ళాలని చూస్తున్నవాళ్ళే అనుకుని, నిద్రలోంచి లేచి దీపం పెడతాయి.